పర్యావరణ సెన్సర్ల ఇంజనీరింగ్: రూపకల్పన, పరీక్ష

గాలి, నీరు, నేల ఏ స్థితిలో ఉన్నాయో గ్రహించి, ఆ స్థితిని విద్యుత్ సంకేతంగా మార్చి అంకె రూపంలో అందించే సాధనాలే పర్యావరణ సెన్సర్లు. వీటిని రూపొందించడం, ప్రయోగశాలలోనూ ఆరుబయటా పరీక్షించడం, ఎండకూ వానకూ ఓర్చుకుని ఏళ్ల తరబడి నిలకడగా పనిచేసేలా చూడడం ఈ రంగంలో ఇంజనీరు పని. ఎలక్ట్రానిక్స్, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం నాలుగూ ఇందులో కలుస్తాయి. బయటివాళ్ల దృష్టి కొత్త పరికరం తయారీ మీద ఉంటుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ల రోజులు మాత్రం ఎక్కువగా, తయారైన పరికరం చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడంలోనే గడుస్తాయి. అందుకే ఈ వ్యాసంలో పరీక్షకు ఎక్కువ చోటు దక్కింది.

పుట్టుక

వాన కొలవడం వీటన్నిటిలో పాత విద్య. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వానను పాత్రతో పట్టి ద్రోణాల్లో లెక్కగట్టే పద్ధతి ఉంది. కొరియా రాజ్యంలో 1440లలోనే ఒకే కొలతతో చేసిన వాన పాత్రలు వాడారు. గాలిలో తేమను కొలవడానికి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సాస్యూర్ 1783లో మనిషి వెంట్రుకను ఆసరా చేసుకున్నాడు. తేమ తగిలితే వెంట్రుక సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది.

ఈనాటి ముఖ్యమైన సెన్సర్లలో చాలావాటికి మూలం పర్యావరణం మీది ఆందోళన కాదు. కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడానికి ఒక పండ్ల సంస్థ పడుతున్న తిప్పలు చూసి ఆర్నాల్డ్ బెక్మన్ 1934లో పీహెచ్ మీటరు తయారుచేశాడు. రోగి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో తెలుసుకోవాలన్న అవసరం నుంచి లేలాండ్ క్లార్క్ ఎలక్ట్రోడ్ వచ్చింది. 1956లో ఆయన దాన్ని ప్రకటించాడు. జపాన్‌లో నవోయోషి తగుచి 1962లో పేటెంటుకు పెట్టిన టిన్ ఆక్సైడ్ సెన్సర్ ఇళ్లలో వంటగ్యాసు లీకును పసిగట్టడానికి ఉద్దేశించినది. ఫ్యాక్టరీలోనో ఆస్పత్రిలోనో వంటింట్లోనో పనిచేసే వస్తువును చెరువు గట్టుకూ నగర కూడలికీ తెచ్చి నిలబెట్టడంతో కొత్త చిక్కులన్నీ మొదలయ్యాయి. గదిలో ఉష్ణోగ్రత ఇంచుమించు ఒకేలా ఉంటుంది, తేమ పెద్దగా మారదు, దుమ్ము తక్కువ. బయట ఈ మూడూ సెన్సర్ మీద రోజంతా దాడిచేస్తూనే ఉంటాయి.

మొదటినుంచీ ప్రకృతి కోసమే సాగిన కొలతకు గొప్ప ఉదాహరణ హవాయి దీవిలోని మౌనా లోవా. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో అక్కడ కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన అంకె పది లక్షల భాగాలకు దాదాపు 313. ఇప్పుడది 420 దాటింది. ఆయన వాడిన పరారుణ విశ్లేషక యంత్రం అప్పటికే పరిశ్రమల్లో ఉన్నదే. దానికి కీలింగ్ జోడించినది క్రమశిక్షణ. ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో కచ్చితంగా తెలిసిన ప్రామాణిక వాయువును సిలిండర్లలో ఉంచి, యంత్రాన్ని మాటిమాటికీ దానితో సరిచూసేవారు. ఏడాదికి ఒకటి రెండు భాగాల చొప్పున పెరిగే వాయువును పట్టుకోవాలంటే యంత్రం తనంతట తాను అంతకన్నా ఎక్కువ జారిపోకూడదు కదా.

సెన్సర్ నిజంగా కొలిచేది

ఏ సెన్సరూ మనకు కావలసినదాన్ని నేరుగా కొలవదు. దానివల్ల కలిగే ఏదో ఒక ప్రభావాన్ని కొలుస్తుంది. ప్లాటినం తీగ థర్మామీటరు కొలిచేది నిరోధాన్ని. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములుండే ఆ నిరోధం డిగ్రీకి దాదాపు 0.385 ఓము చొప్పున పెరుగుతుంది. పీహెచ్ గాజు ఎలక్ట్రోడ్ కొలిచేది వోల్టేజీని. 25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్ తేడాకు 59 మిల్లీవోల్టుల మార్పు. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ 4.26 మైక్రోమీటర్ల పరారుణ కాంతి ఎంత తగ్గిందో చూస్తుంది. ఓజోన్ యంత్రం 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని అలాగే చూస్తుంది. ఆ ప్రభావాన్ని ఇంకేదైనా కలిగించగలిగితే సెన్సర్ మోసపోతుంది. ఈ రంగంలోని కష్టమంతా ఇక్కడ ఉంది.

ధూళి సెన్సరునే తీసుకుందాం. అరచేతిలో ఇమిడే, కొన్ని వేల రూపాయలకు దొరికే, 2.5 మైక్రోమీటర్లకు మించని రేణువులను లెక్కించే పీఎం 2.5 సెన్సర్‌లో చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజరు కిరణం ఆ గాలిలోని రేణువులకు తగిలి చెదురుతుంది. చెదిరిన కాంతిని పట్టి, రేణువులు ఇన్ని ఉన్నాయి, వాటి బరువు ఇంత అని సెన్సర్ లెక్కవేస్తుంది. బరువును మాత్రం అది తూచలేదు. రేణువు గుండ్రంగా ఉందనీ, ఫలానా సాంద్రత కలదనీ తయారీదారు ముందే అనుకున్న లెక్కతో అంకె చెబుతుంది. పొగలోని రేణువులూ రోడ్డు దుమ్మూ ఒకే తీరులో కాంతిని చెదరగొట్టవు. దాదాపు 0.3 మైక్రోమీటర్ల కన్నా చిన్న రేణువులు దాని కంటికి ఆనవు. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు తేమ. గాలిలో తేమ 80 శాతం దాటితే సల్ఫేటు, నైట్రేటు రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది కాబట్టి సెన్సర్ కాలుష్యం పెరిగిందంటుంది. శీతకాలం తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు చవక సెన్సర్లు చూపే భారీ అంకెల్లో కొంత భాగం నీళ్లే. ప్రామాణిక కేంద్రాల్లోని బీటా కిరణ యంత్రాలు ఈ తప్పును చాలావరకు తప్పించుకుంటాయి. అవి గాలిని వేడిచేసి తేమ తగ్గించి, రేణువులను వడపోత పట్టీ మీద పట్టి, కార్బన్-14 నుంచి వచ్చే బీటా కిరణాలు ఆ పట్టీ దాటేసరికి ఎంత బలహీనపడ్డాయో చూసి బరువు చెబుతాయి.

తెలుగు నేలకు బాగా సంబంధించిన ఉదాహరణ ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి మొదట వెలువడిన శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. నల్గొండ పేరు తర్వాతి కాలంలో దేశమంతా తెలిసింది. నీటిలో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ను 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించారు. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేసిన పలుచని బిళ్ల దానికి గుండెకాయ. అది విడిగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్లకే స్పందిస్తుంది. ఇక జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) అభివృద్ధిచేసిన నల్గొండ పద్ధతిలో నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీయడానికి పటిక, సున్నం కలుపుతారు. పటికలో అల్యూమినియం ఉంటుంది. ఆ అల్యూమినియం కొంత నీటిలోనే మిగిలిపోతే ఫ్లోరైడ్‌ను తనతో కట్టిపడేస్తుంది. కట్టుబడిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కు కనిపించదు, తాగేవాడి కడుపులోకి మాత్రం వెళుతుంది. పరీక్షించేవాడు శ్రద్ధ తీసుకోకపోతే, శుద్ధిచేసిన నీరు నిజంగా ఉన్నదానికన్నా మంచిదని మీటరు చెబుతుంది. అందుకే నమూనాలో ముందుగా ఒక బఫర్ ద్రావణం కలుపుతారు. అది పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలిపి, అల్యూమినియంను తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు పరవాలేదు. ఇంత ఇరుకైన హద్దు దగ్గర ఒక్క బఫర్ మరచిపోతే ఊరి బోరు మీద తీర్పు తారుమారవుతుంది.

ప్రయోగశాలలో పరీక్ష

కొత్త సెన్సర్‌ను మొదట కాలిబ్రేషన్‌కు పెడతారు. తెలుగులో క్రమాంకనం అంటారు గానీ ల్యాబుల్లో వినిపించేది కాలిబ్రేషన్ అన్న మాటే. కొలవవలసిన పదార్థం ఏమాత్రం లేని చోట ఎంత చూపుతోంది అన్నది జీరో. తెలిసిన మోతాదు ఇచ్చినప్పుడు ఎంత చూపుతోంది అన్నది స్పాన్. పీహెచ్‌కు 4, 7, 10 బఫర్లు, వాయువులకు ధ్రువపత్రమున్న సిలిండర్లు ఉంటాయి. తరువాత ఒక్కొక్క ప్రశ్నా విడిగా అడగాలి. మోతాదు ఒక్కసారిగా మారితే తుది విలువలో 90 శాతానికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఒకే దారిలో నడుస్తోందా? నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే విద్యుత్ రసాయన సెన్సర్ ఓజోన్‌కూ స్పందిస్తోందా? ఈ చివరి దానికి జవాబు చాలాసార్లు అవుననే వస్తుంది. అలాంటప్పుడు ఓజోన్‌ను ముందే అడ్డుకునే వడపోత పెట్టాలి, లేదా ఓజోన్‌ను విడిగా కొలిచి లెక్కలోంచి తీసేయాలి.

తేమ సెన్సర్ల పరీక్ష చూస్తే ఈ పనిలోని నేర్పు బోధపడుతుంది. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో మామూలు ఉప్పును ముద్దలా తడిపి ఉంచుతారు. నీరు ఎక్కువై ఉప్పంతా కరిగిపోకూడదు, అడుగున గడ్డలు మిగలాలి. ఆ ముద్దపైన సీసాలోని గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఇది ప్రకృతి ఇచ్చిన ప్రమాణం. లిథియం క్లోరైడ్‌తో 11, మెగ్నీషియం క్లోరైడ్‌తో 33, పొటాషియం సల్ఫేట్‌తో 97 శాతం వస్తుంది. సెన్సర్‌ను ఉప్పు తగలకుండా సీసాలో వేలాడదీసి, తీగ దూరిన కంతను బాగా మూసి, గంటల తరబడి కదపకుండా వదిలేయాలి. సీసా, సెన్సర్, గది మూడూ ఒకే ఉష్ణోగ్రతకు రావాలి. సెన్సర్ గాలికన్నా ఒక్క డిగ్రీ వెచ్చగా ఉన్నా నాలుగైదు శాతం తక్కువ చూపుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే బల్ల మీద ఈ పరీక్ష చేస్తే అంకెలు ఎప్పటికీ కుదురుకోవు. ఖరీదైన యంత్రం లేని కళాశాల ల్యాబులో కూడా చేయగలిగిన పరీక్ష ఇది. దీన్ని విద్యార్థులందరిచేతా చేయించాలి.

పెట్టె తట్టుకునే శక్తి మరో సంగతి. ఐపీ 67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదనీ, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తడవదనీ అర్థం. సముద్ర తీరంలో పెట్టే పరికరాలను 35 డిగ్రీల గదిలో 5 శాతం ఉప్పునీటి తుంపర కింద రోజుల తరబడి ఉంచుతారు. మన ఎండాకాలంలో మూసిన పెట్టె లోపలి వేడి బయటి ఉష్ణోగ్రతను మించిపోతుంది. బ్యాటరీలూ రసాయన సెన్సర్లూ ముందుగా దెబ్బతినేది అక్కడే. పుస్తకాల్లో అరుదుగా కనిపించే ప్రమాదం ఇంకొకటుంది. వాన నీరు దిగకుండా పెట్టె అంచులకు పూసే సిలికోన్ సీలెంట్ ఆరేటప్పుడు విడిచే ఆవిరి టిన్ ఆక్సైడ్ సెన్సర్‌కు విషం. దాని వేడి ఉపరితలం మీద పేరుకుని, దాన్ని మొద్దుబారుస్తుంది. ల్యాబులో చక్కగా పనిచేసిన సెన్సర్ పెట్టెలో బిగించాక మందగించిందంటే ముందుగా అనుమానించవలసిన వాటిలో ఇదొకటి.

ఆరుబయట పరీక్ష

ల్యాబులో గెలిచిన సెన్సర్ బయట గెలుస్తుందన్న హామీ లేదు. ప్రామాణిక కేంద్రం పక్కనే కొత్త సెన్సర్లను నిలబెట్టి, రెండూ ఒకే గాలిని ఎలా చదువుతున్నాయో వారాల తరబడి పోల్చి చూడడమే అసలు పరీక్ష. చవక ధూళి, ఓజోన్ సెన్సర్ల కోసం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2021లో ఇచ్చిన పరీక్షా విధానం ఒకే రకం సెన్సర్లు కనీసం మూడింటిని, కనీసం 30 రోజుల చొప్పున, వేర్వేరు వాతావరణాల్లో పరీక్షించమంటుంది. మూడెందుకంటే, ఒకే పెట్టెలోంచి తీసిన మూడు సెన్సర్లు తమలో తాము ఏకీభవించకపోతే ప్రమాణంతో పోల్చే ప్రసక్తే లేదు. వేర్వేరు వాతావరణాలెందుకో మనకు చెప్పనక్కరలేదు. మే నెల హైదరాబాదు గాలితో కుదిర్చిన దిద్దుబాటు సూత్రం జూలై ముసురులో చెల్లదు.

నీటిలో ఈ కష్టం రెట్టింపు. గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ మీద రైతు పెట్టుబడంతా ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ మహా అయితే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు కరుగుతుంది, ఉప్పు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి చెరువులోని ప్రాణులన్నీ దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అంకె అట్టడుక్కు చేరుతుంది. 3 మిల్లీగ్రాముల దిగువకు పడితే నీటిలోకి గాలిని కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉండాల్సిందే. ఆ సమయంలో సెన్సర్ తప్పు చెబితే పంట పోతుంది. క్లార్క్ తరహా సెన్సర్ తానే కొంత ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కనుక దాని ముందు నీరు కదులుతూ ఉండాలి. కాంతితో పనిచేసే కొత్త రకానికి ఆ బెడద లేదు. రెండింటికీ ఉమ్మడి శత్రువు పాకుడు. మేతా ఎరువూ దండిగా ఉన్న చెరువులో కొద్ది రోజులకే సెన్సర్ మొహం మీద జిగురు పొర పడుతుంది. ఆ పొరలోని సూక్ష్మజీవులు కూడా ఊపిరి తీస్తాయి కాబట్టి, సెన్సర్ చెరువు సంగతి మాని తన మీది పొర సంగతి చెప్పడం మొదలుపెడుతుంది. మొహాన్ని తుడిచే చిన్న బ్రష్షు, సోడియం సల్ఫైట్ ద్రావణంలో ముంచి జీరో చూడడం, తడి గాలిలో ఉంచి నూరు శాతం సరిచేయడం ఇవన్నీ రైతుకో, చెరువు చూసే కుర్రాడికో నేర్పగలిగినవే. పరికరంతో పాటు ఈ చిన్న శిక్షణ కూడా ఇవ్వని అమ్మకం సగం అమ్మకమే.

చోటు, అనుమానం

సెన్సర్ ఎంత మంచిదైనా తప్పు చోట పెడితే తప్పే చెబుతుంది. లైట్‌హౌసుల ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ పందొమ్మిదో శతాబ్దంలో రూపొందించిన తెల్లని జాలీ పెట్టె ఇప్పటికీ వాతావరణ కేంద్రాల్లో ఉండడానికి కారణం ఇదే: థర్మామీటరు ఎండను కాక గాలిని కొలవాలి. ప్రపంచ వాతావరణ సంస్థ నియమం ప్రకారం నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలవాలి. డాబా మీద, గోడకు ఆనించి, ఏసీ యంత్రం పక్కన పెట్టిన సెన్సర్ ఊరి ఉష్ణోగ్రత చెప్పదు.

ఈ విషయాన్ని అతి బాధాకరంగా గుర్తుచేసే సంఘటన 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది. అక్కడి కర్మాగారంలో ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరై, నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. పది మందికి పైగా చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ చూపిన లోపాల్లో ఒకటి, ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలవడం. పై పొరల్లో పెరుగుతున్న వేడిని చెప్పే సెన్సర్ అక్కడ లేదు. ఉన్న సెన్సర్ చెడిపోలేదు, తానున్న చోటి అంకెను చెప్పింది. ఎన్ని సెన్సర్లు, ఎక్కడెక్కడ అన్న నిర్ణయం కూడా ఇంజనీరు బాధ్యతలో భాగమని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

అంకె విడ్డూరంగా ఉన్నప్పుడు తప్పు యంత్రానిదా, ప్రకృతి నిజంగానే మారిందా అన్న ప్రశ్న ఈ వృత్తిలో నిత్యం ఎదురవుతుంది. అంటార్కిటికాలోని హాలీ బేలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ డాబ్సన్ యంత్రంతో ఓజోన్ కొలుస్తూ, వసంతకాలపు విలువలు ఏటా పడిపోతున్నట్టు గమనించారు. ముందు యంత్రాన్నే అనుమానించి, వేరొక డాబ్సన్ యంత్రంతో సరిచూసుకున్నారు. ఫలితం మారలేదు. 1985 మేలో వారి పత్రం వెలువడి ఓజోన్ రంధ్రం లోకానికి తెలిసింది. ఉపగ్రహ సమాచారంలోనూ ఆ తక్కువ విలువలు ఉన్నాయి; కానీ 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువైతే సందేహాస్పదమని గుర్తుపెట్టేలా ఆ సమాచారాన్ని విశ్లేషించే ప్రోగ్రాము రాసి ఉంది. అసాధారణమైన అంకెలను పక్కనపెట్టే సూత్రం రాసే ప్రతి ఇంజనీరూ ఈ కథ తెలుసుకోవాలి.

నెట్‌వర్కులు, సంస్థలు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 1974లో ఏర్పడింది. 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. పీఎం 2.5కు ఘనపు మీటరు గాలిలో వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 60 అన్నది హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వీటిని వరుసగా 5, 15 ఉండాలంది. అంకె చిన్నదయ్యేకొద్దీ సెన్సర్ పని కష్టమవుతుంది: 60 దగ్గర 5 తేడా వస్తే సర్దుకోవచ్చు, 5 దగ్గర 5 తేడా వస్తే ఆ కొలతకు అర్థమే ఉండదు. పదిహేడు రకాల తీవ్ర కాలుష్య పరిశ్రమలు తమ పొగనూ వ్యర్థ జలాలనూ నిరంతరం కొలిచి ఆన్‌లైన్‌లో పంపాలని మండలి 2014లో ఆదేశించింది. ఉద్గారాలనూ గాలినీ కొలిచే యంత్రాలకు ధ్రువీకరణ ఇచ్చే బాధ్యత 2019లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు దక్కింది.

హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ సముద్ర సెన్సర్ల సమాచారానికి దేశంలో కేంద్ర స్థానం. 2004 సునామీ తర్వాత, 2007 అక్టోబరు నుంచి హెచ్చరిక కేంద్రం అక్కడే నడుస్తోంది. సముద్రపు అడుగున పెట్టిన పీడన సెన్సర్లు కిలోమీటర్ల లోతు నుంచి నీటి మట్టంలో సెంటీమీటరు మార్పును కూడా పట్టగలవు. ఆర్గో తేలియాడే పరికరాల సమాచారమూ అక్కడికి చేరుతుంది. ఇవి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్ల వరకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి దాదాపు 4000 ఉన్నాయి. ఒకసారి వదిలాక మళ్లీ చేతికి రాని సెన్సర్‌ను కాలిబ్రేట్ చేసేదెలా? లోతైన నీటి లవణీయత ఏళ్ల తరబడి పెద్దగా మారదన్న తెలివిడితో, ఆ ప్రాంతంలో ఓడలు సేకరించిన కచ్చితమైన కొలతలతో పోల్చి, నెలల తర్వాత అంకెలను దిద్దుతారు. ఈ రంగంలో అత్యంత శ్రద్ధగా సాగే పనుల్లో ఇదొకటి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రణాళికా సంస్థలు కూడా మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నడుపుతున్నాయి. వాన ఎంత పడిందని పత్రికల్లో మండలాలవారీగా వచ్చే లెక్కలకు ఆధారం చాలావరకు అవే.

చదువు, ఉద్యోగం

ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రానిక్స్, కెమికల్, పర్యావరణ ఇంజనీరింగ్‌లలో ఏది చదివినా ఈ రంగంలోకి రావచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. గేట్ పరీక్షలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపరు ఎప్పటినుంచో ఉంది, పర్యావరణ శాస్త్రం-ఇంజనీరింగ్ పేపరు 2021లో చేరింది. సర్క్యూట్ గీయడం, మైక్రోకంట్రోలర్‌కు ప్రోగ్రాము రాయడం, అంకెల గుట్టలోంచి తప్పులు ఏరడం రావాలి. లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ పరిధిలో తక్కువ కరెంటుతో కిలోమీటర్ల దూరం సమాచారం పంపే లోరా వంటి రేడియో పద్ధతులు తెలిసినవారికి గిరాకీ ఉంది. అయితే నోటుబుక్కు రాసే అలవాటున్న మనిషి వీటన్నిటికన్నా అరుదు: ఏ రోజు ఏ సీసాలో ఏ సెన్సర్ ఎంత చూపిందో, ఎవరు ఏ మర తిప్పారో తేదీతో రాసిపెట్టే మనిషి. కాలిబ్రేషన్ ల్యాబులకు వర్తించే ఐఎస్‌ఓ 17025 ప్రమాణంలో పెద్ద భాగం కోరేది ఆ రాతకోతలనే.

మన దగ్గర టెండర్లలో సెన్సర్ కొనుగోలుకు డబ్బు ఉంటుంది, మూడో ఏడాది కాలిబ్రేషన్‌కు ఉండదు. విద్యుత్ రసాయన గ్యాస్ సెన్సర్ల ఆయుష్షు మామూలుగా రెండు మూడేళ్లే. ఆ తర్వాత కూడా పెట్టె వెలుగుతుంది, తెర మీద అంకె వస్తూనే ఉంటుంది, చూసేవారు దాన్ని నమ్ముతూనే ఉంటారు. గాలి, నీటి కొలతలు ప్రజలకు చూపే ప్రతి సంస్థా అంకె పక్కనే ఆ సెన్సర్‌ను చివరిసారి కాలిబ్రేట్ చేసిన తేదీని కూడా ప్రచురించాలి. పాఠకులు కూడా మీ ఊరి బోర్డు మీది అంకెను చూసినప్పుడు ఆ తేదీ ఏదని అడగండి.